పిడుదుల జబ్బులకు టీకా: ఏ పశువుకు, ఎప్పుడు, ఎట్లా

పిడుదు టీకా అనే మాట కింద రెండు వేరువేరు సంగతులు కలిసిపోతున్నాయి. ఒకటి, పిడుదు ఒంట్లోకి ఎక్కించే సూక్ష్మజీవి మీద పనిచేసే టీకా. ఇది మన దేశంలోనే తయారవుతోంది, ఈ రోజు వేయించుకోవచ్చు. రెండోది, పిడుదునే దెబ్బ తీసే టీకా. అది కొన్ని దేశాల్లో ముప్పై ఏళ్ళ కిందటే వచ్చింది గానీ మన మందుల షాపులో దొరకదు. మొదటిది వేయించి పిడుదులు రాలిపోలేదని కోప్పడేవాళ్ళూ, రెండోది వచ్చేదాకా ఏమీ చెయ్యనక్కర్లేదనుకునేవాళ్ళూ మన పల్లెల్లో ఉన్నారు. ఇద్దరికీ నష్టమే.

ముందు మొదటిదాని సంగతి. థైలీరియా అన్యులేటా అనే పరాన్నజీవి వల్ల వచ్చే థైలీరియోసిస్‌కి వేసే టీకా ఇది. హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ రక్షావ్యాక్-టి పేరుతో తయారుచేస్తుంది. ఇది చంపిన క్రిమితో చేసిన టీకా కాదు. పరాన్నజీవి పట్టిన తెల్ల రక్తకణాలను ప్రయోగశాలలో తరాల తరబడి పెంచి, రోగం తెచ్చే బలం తగ్గించి, ఆ కణాలను ప్రాణంతోనే గడ్డకట్టించి పంపుతారు. దీని మంచీ చెడ్డా అంతా ఆ ‘ప్రాణంతోనే’ అన్న మాటలో ఉంది. కణం బతికి ఉంటేనే టీకా. దారిలో చచ్చిపోతే సీసాలో మిగిలేది రంగు నీళ్ళే. కంటికి మాత్రం తేడా కనపడదు.

ఎవరికి వెయ్యాలి

సంకర జెర్సీ, హోల్‌స్టీన్ ఆవులకూ వాటి దూడలకూ. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ టీకాల పట్టిక కూడా మూడు నెలలు దాటిన సంకర, విదేశీ జాతులకే దీన్ని చెబుతుంది, జీవితంలో ఒక్కసారి అని. చూడి పశువులకు వెయ్యరు. ఒంగోలు జాతికి మామూలుగా అవసరం రాదు. నాటు దూడ చిన్నప్పుడే పిడుదు కాటు తిని, పైకి పెద్దగా కనపడకుండానే తట్టుకునే శక్తి తెచ్చుకుంటుంది. దాని చర్మం మీద పిడుదు నిలిచేదీ తక్కువే. బర్రెల్లో పరాన్నజీవి ఉన్నా జబ్బుగా ముదిరేది తక్కువ. కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు పాల కోసం సంకర ఆవులను కట్టేసి మేపేవాళ్ళూ, కనిగిరి, పామూరు వైపు బయటి జిల్లాల సంతల నుంచి సంకర పడ్డలను తెచ్చేవాళ్ళూ ముందు వరసలో ఉండాలి. పిడుదులు లేని చోట పెరిగిన పడ్డ మన కొట్టంలోకి వచ్చిందంటే, దానికి మొదటి కాటే పెద్ద గండం.

నెల్లూరు జీవాలకు ఇది వెయ్యొచ్చా అని గొర్రెల కాపరులు అడుగుతుంటారు. వద్దు. గొర్రెల్లో జబ్బు తెచ్చే థైలీరియా వేరు, ఆవుల టీకా దాన్ని ఆపదు.

ఇంకో హెచ్చరిక. ఇది ఒక్క థైలీరియానే ఆపుతుంది. మూత్రం కాఫీ రంగులో పోయే బెబీసియోసిస్‌నీ, కళ్ళ లోపలి పొర పసుపుగా మారి పశువు చిక్కిపోయే అనాప్లాస్మోసిస్‌నీ ఆపదు. రెండూ పిడుదు తెచ్చేవే. కాబట్టి టీకా వేసిన ఆవుకు మూత్రం ఎర్రబడితే ‘టీకా పనిచెయ్యలేదు’ అని తేల్చెయ్యకండి, చెవి కొసన రక్తపు చుక్క తీసి స్లైడు చేయించండి. థైలీరియా అయితే జ్వరం 104 దాటుతుంది, భుజం ముందు, తొడ ముందు గడ్డలు కోడిగుడ్డంత లేస్తాయి, పశువు దగ్గుతూ ఆయాసపడుతుంది. ఆ గడ్డలోంచి సూదితో తీసిన ద్రవంలో, థైలీరియాకు గుర్తయిన ‘కాక్ నీలి కణాలు’ సూక్ష్మదర్శినిలో కనపడతాయి.

నెల ఎంచుకోవడం

సంక్రాంతి వెళ్ళాక, ఎండలు ముదరకముందు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. తుపాను వానల్లో కొట్టం బురద, దారులు బురద, పశువు నీరసం. మే నెలలో పొదిలి, కనిగిరి వైపు ఎండకు, టీకాను చల్లగా ఉంచి తెచ్చే క్యాన్‌లో ద్రవ నైట్రోజన్ తొందరగా ఎగిరిపోతుంది, ఎండదెబ్బకు సంకర ఆవుకు ఒళ్ళు ఊరికే కాలుతుంటుంది, జ్వరమో ఎండో తెలియదు. టీకా వేశాక రక్షణ రావడానికి దాదాపు నెల పడుతుంది. జనవరి ఆఖరులో వేస్తే ఫిబ్రవరి చివరకు పశువు సిద్ధంగా ఉంటుంది.

సీసాలో ఒకటికి మించి డోసులు ఉంటాయి గనుక ఒక్క దూడ కోసం ఎవరూ సీసా తియ్యరు. వీధిలో ఎన్ని సంకర దూడలున్నాయో, వయసెంతో, చూడివి ఏవో ఒక కాగితం మీద రాసి పశువుల ఆసుపత్రికి ముందే ఇవ్వండి. గాలికుంటు టీకా శిబిరం దగ్గర్లో ఉంటే డాక్టరుకు చెప్పి రెంటికీ మధ్య మూడు వారాలు ఎడం పెట్టించండి. టీకాకు పదిరోజుల ముందు నట్టల మందు తాగించండి.

అన్నిటికన్నా ఎక్కువగా చెడేది ఇక్కడే: టీకా వేసే ముందు, వేశాక కొన్ని వారాల పాటు, బుపార్వాక్వోన్ గానీ టెట్రాసైక్లిన్ గానీ పొడిపించకూడదు. థైలీరియా జబ్బుకు వాడే మందే టీకాలోని థైలీరియానూ చంపేస్తుంది. ‘ఎందుకైనా మంచిది’ అని ఒక టెట్రాసైక్లిన్ ఇంజక్షన్ వేసే అలవాటు ఉన్నవాళ్ళ చేతికి ఆ నెలలో దూడను ఇవ్వకండి. ఆ సూదితో టీకా డబ్బు దండగ.

నైట్రోజన్ క్యాన్

కృత్రిమ గర్భోత్పత్తికి వీర్యం గొట్టాలు దాచే క్యాన్ లాంటిదే. లోపల ద్రవ నైట్రోజన్ సున్నాకు కింద 196 డిగ్రీల చలిలో ఉంటుంది. టీకా మీ ఊరు చేరేదాకా ఆ ద్రవంలోనే మునిగి ఉండాలి. వచ్చినాయన్ని అడగడానికి మొహమాటపడకండి: మట్టం ఎంత ఉంది? కొలపుల్ల ముంచి తీసి గాలిలో ఊపితే ద్రవం తగిలినంత మేర తెల్లగా మంచు పడుతుంది. పది సెంటీమీటర్లకు తగ్గకముందే నింపి ఉండాలి. పుల్ల అడుగున నాలుగు వేళ్ళ మంచు కూడా లేదంటే, టీకా దారిలో ఎంతసేపు ద్రవంలో మునగకుండా ఉందో ఎవరికీ తెలియదు. ఆ టీకా వద్దు.

క్యాన్‌ను జీపులో నిలబెట్టి కట్టాలి, పడుకోబెట్టకూడదు. కిటికీలు మూసిన కారులో పెట్టి నడపకూడదు. ఆవిరయ్యే నైట్రోజన్ లోపలి గాలిని తోసేస్తుంది, కళ్ళు తిరిగినట్టు తెలిసేలోపే మనిషి పడిపోతాడు. సీసా పైకి తీసేటప్పుడు మందపాటి చేతొడుగు, కళ్ళద్దాలు తప్పనిసరి. లోపలికి ద్రవం ఇంకిన సీసా వేడి నీళ్ళలో పడగానే పేలొచ్చు.

టీకా రోజు

పొద్దున్నే. వేడి నీళ్ళు 37 డిగ్రీలకు థర్మామీటరుతో చూసి పెట్టుకోవాలి, చేతి అంచనా వద్దు. ఎండాకాలం మిద్దె మీది ట్యాంకు నీళ్ళే 37 దాటి ఉంటాయి, చల్లగా అనిపించేవి 28 ఉంటాయి. సీసాను తీసిన వెంటనే ఆ నీళ్ళలో ఆడిస్తూ కరిగించాలి. గాలికి వదిలేసి మెల్లగా కరగనిస్తే కణాల్లో మంచు పలుకులు పెరిగి గోడలు చీల్చేస్తాయి. వేడి ఎక్కువైతే కణాలు ఉడుకుతాయి. కరిగిన దాన్ని, టీకాతో పాటు వచ్చిన చల్లటి ద్రావకంలో కలిపి ఐసు మీద పెట్టుకుని లేబుల్ మీద ఉన్న గడువులోపల వాడెయ్యాలి. అది గంటల లెక్క. మిగిలింది రేపటికి ఫ్రిజ్‌లో పెట్టడం, మళ్ళీ గడ్డకట్టించడం ఉండదు. పారబొయ్యడమే.

సిరంజి, సూది కొత్తవి అయితే సరే. పాతవి అయితే నీళ్ళలో మరిగించి చల్లార్చినవి కావాలి. స్పిరిట్‌తోనో డెట్టాల్‌తోనో కడిగినవి వద్దు, గోడకు అంటిన ఆ చుక్కే లోపలి కణాలను చంపుతుంది. చర్మం మీద కూడా మురికి తుడిచి ఆరనివ్వండి, తడి స్పిరిట్ మీద గుచ్చకండి. ఒక పశువుకు ఒక సూది. అనాప్లాస్మా సూది మీది రక్తంతో కూడా ఒకదాన్నుంచి ఇంకోదానికి పోతుంది. టీకా శిబిరమే రోగం పంచిపెట్టకూడదు.

మోతాదు 3 మిల్లీలీటర్లు, మెడ పక్కన చర్మం కింద. చిన్నదానికీ పెద్దదానికీ అంతే. చర్మాన్ని గుడారంలా పైకి లాగి, సూది దాని అడుగున జారేటట్టు పొడవాలి. ప్రతి పశువుకీ ముందు జ్వరం చూడాలి. ఆవుకు మామూలు వేడి 101.5 ఫారెన్‌హీట్ దగ్గర, 103 దాటితే ఆ రోజు దానికి వద్దు. ఆకలి తగ్గినదానికీ, గడ్డలు వాచినదానికీ వద్దు. జబ్బు లోపల మొదలై ఉన్నదానికి టీకా వేసి, రేపు అది ముదిరితే నింద టీకా మీద పడుతుంది.

చెవి పోగు నంబరు, తేదీ, బ్యాచ్ నంబరు కాగితం మీద రాయించుకోండి. ఆవును అమ్మేటప్పుడు కూడా ఆ కాగితం పనికొస్తుంది.

టీకా తర్వాత నెల

మొదటి వారంలో స్వల్ప జ్వరం, వేసిన వైపు గడ్డ కాస్త లేవడం ఉండొచ్చు. జ్వరం 104 దాటి రెండు రోజులు నిలిస్తే డాక్టరును పిలవండి, 1962కు ఫోన్ చేస్తే సంచార పశు వైద్య వాహనం వస్తుంది. ఆ నెలంతా పశువును పిడుదుల నుంచి ఎంత దూరం పెట్టగలిగితే అంత మంచిది. రక్షణ ఇంకా తయారు కాలేదు.

ఆ తర్వాత మాత్రం ఒక విచిత్రం ఉంది. పొలంలో ఒకటీ అరా పిడుదు కుట్టడం టీకాను గుర్తుచేస్తూ ఉంటుంది, అందుకే ఒక్కసారి వేసింది ఏళ్ళ తరబడి నిలుస్తుంది. పిడుదే లేని కొట్టంలో ఆ గుర్తు క్రమంగా చెరిగిపోతుంది. అలాంటివాళ్ళు మళ్ళీ వేయించడం గురించి డాక్టరుతో మాట్లాడుకోవాలి. పిడుదులు ఒక్కటీ లేకుండా చేస్తానని నెలనెలా మందు కుమ్మరించడం మా లెక్కలో తెలివి కాదు.

మందు కొట్టడం, అది పనిచేస్తోందో లేదో చూడటం

మన పశువుల మీద ఎక్కువగా కనపడేవి రెండు. బూడిద నీలం రంగు, పొట్టి కాళ్ళ పిడుదు రైపిసెఫాలస్ మైక్రోప్లస్. ఇది పిల్లగా ఎక్కి, మూడు వారాలు ఒకే పశువు మీద ఉండి, గింజలా ఉబ్బి, తెల్లవారుజామున రాలి, నేల మీద రెండు మూడు వేల గుడ్లు పెట్టి చస్తుంది. బెబీసియాను మోసేది ఇదే. పొడుగు కాళ్ళకు చారలున్నది హయలోమా. ఇది పశువు దిగి గోడ పగుళ్ళలో, రాళ్ళ సందుల్లో దాక్కుని, తోలు మార్చుకుని మళ్ళీ ఎక్కుతుంది. థైలీరియా దీనితో వస్తుంది. కాబట్టి థైలీరియా సమస్య ఉన్న ఇంట్లో ఆవు కంటే గోడ ముఖ్యం. రాతి గోడల సందులు సిమెంటుతో పూడ్చండి, మట్టి గోడ అలకండి, మిగిలిన పగుళ్ళకు బ్లోల్యాంప్ మంట చూపించండి. పైన గడ్డి కప్పు ఉంటే మంట జోలికి పోకండి, సున్నం కొట్టండి.

కాటు తగిలిన వెంటనే థైలీరియా ఎక్కదు. పిడుదు లాలాజల గ్రంథుల్లో అది తయారు కావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అందుకే రోజు మార్చి రోజు గంగడోలు, పొదుగు, తోక కింద, చెవుల్లో తడిమి పిడుదులు పీకి కిరసనాయిల్ డబ్బాలో వెయ్యడం ముసలమ్మల పనిగా తీసిపారెయ్యాల్సింది కాదు. పశువును వదలకముందే, తెల్లవారుజామున చూడండి. ఉబ్బినవి రాలేది ఆ వేళకే.

డెల్టామెత్రిన్ 1.25 శాతం పశువుల మందు అయితే లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు. 15 లీటర్ల స్ప్రేయరుకు 30. ఒక ఆవు నిండా తడవాలంటే మూడు లీటర్లు తక్కువ కాదు, అంటే ఒక ట్యాంకు నాలుగైదు ఆవులకే. ఇరవై ఆవులకు ఒక ట్యాంకుతో సరిపెట్టడం వల్లే ‘మందు పనిచెయ్యడంలేదు’ అనే మాట పుడుతుంది. అమిట్రాజ్ 12.5 శాతం కూడా లీటరుకు 2 మిల్లీలీటర్లే. పత్తికీ మిరపకూ కొట్టే డెల్టామెత్రిన్ సీసా ఇందుకు వాడొద్దు, దాని గాఢత వేరు, కలిపిన నూనెలు వేరు. ముందు కడుపునిండా నీళ్ళు తాగించి, మూతికి చిక్కం కట్టి, వెంట్రుకలకు ఎదురుగా కొట్టాలి. పుండ్ల మీద, మిట్టమధ్యాహ్నం వద్దు. మూడు వారాల లోపల రెండోసారి. ఐవర్‌మెక్టిన్ పాలిచ్చే ఆవుకు వద్దు.

అయినా పిడుదులు నిలిస్తే ఇది చేసి చూడండి. మందు కొట్టని పశువు మీద నుంచి బాగా ఉబ్బిన పిడుదులు ఇరవై పీకండి. పదింటిని సరైన మోతాదులో కలిపిన మందులో రెండు నిమిషాలు, పదింటిని ఉత్త నీళ్ళలో రెండు నిమిషాలు ముంచి తీసి, తడి ఒత్తి, పల్చటి గుడ్డ కట్టిన రెండు సీసాల్లో నీడన పెట్టండి. రెండు వారాల తర్వాత చూడండి. మందు సీసాలోవి కూడా నీళ్ళ సీసాలో వాటికి సమానంగా గోధుమరంగు గుడ్ల కుప్పలు పెట్టి ఉంటే ఆ మందుకు మీ ఊరి పిడుదు అలవాటు పడింది. మోతాదు రెట్టింపు చెయ్యకండి, వేరే రకానికి మారండి. చూసిన వెంటనే రెండు సీసాలూ మరిగే నీళ్ళలో వెయ్యండి. గుడ్లు పొదిగితే కొట్టంలోకి మీరే వదిలినట్టు.

పిడుదునే కొట్టే టీకా

పిడుదు పేగు గోడలో బీఎం86 అనే మాంసకృత్తు ఉంటుంది. దాన్ని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 1980ల చివర్లో గుర్తించారు. ఈస్ట్‌లోనో బాక్టీరియాలోనో పెంచి ఆవుకు ఇంజక్షన్‌గా ఇస్తే, ఆవు రక్తంలో దాన్ని ఎదుర్కొనే యాంటీబాడీలు తయారవుతాయి. పిడుదు ఆ రక్తం తాగగానే పేగు చిల్లులు పడుతుంది, ఎర్రగా మారి గుడ్లు తక్కువ పెడుతుంది. 1990ల్లో క్యూబాలో గావాక్, ఆస్ట్రేలియాలో టిక్‌గార్డ్ పేర్లతో అమ్మకానికి వచ్చాయి. గావాక్‌ను మొదటి రోజు, నాలుగో వారం, ఏడో వారం, ఆపైన ఆరు నెలలకొకసారి వేస్తారు.

ఇన్నిసార్లు ఎందుకంటే ఆ మాంసకృత్తు పిడుదు కడుపులో దాగి ఉంటుంది, కరిచినప్పుడు ఆవు ఒంట్లోకి రాదు. థైలీరియా టీకాలా పొలం దాన్ని గుర్తుచెయ్యదు. పైగా ఒక దేశపు పిడుదు మీద బ్రహ్మాండంగా పనిచేసింది ఇంకో దేశపు దాని మీద సగమే పనిచేస్తుంది. బరేలీ ఇజ్జత్‌నగర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థ మన హయలోమాలోని ఇలాంటి మాంసకృత్తుల మీద పనిచేసింది అందుకే. ఎవరైనా ‘పిడుదుల టీకా వచ్చింది’ అని సీసా పట్టుకొస్తే మూడు అడగండి: ఏ పిడుదు మీద పరీక్షించారు? ఆరు నెలలకొకసారి ఎవరొచ్చి వేస్తారు? మన దేశపు అనుమతి నంబరు లేబుల్ మీద ఉందా? ఒక్క మాట మాత్రం ముందే తెలుసుకోండి. ఈ రకం టీకా పిడుదు ఎక్కకుండా ఆపదు, తరవాతి తరాన్ని తగ్గిస్తుంది. మందలో అన్నిటికీ వెయ్యాలి. మీ ఒక్క ఆవుకు వేస్తే లాభం పక్కవాడిది.

మనిషికి

యూరప్‌లో పిడుదుల మెదడువాపుకు 1970ల నుంచి టీకా ఉంది, అది అక్కడి వైరస్‌కే. కర్ణాటకలో 1957లో బయటపడ్డ క్యాసనూర్ అడవి జ్వరానికి ఒక పాత టీకా ఉండేది, రక్షణ చాలక 2022లో ఆపేశారు, కొత్తది తయారవుతోంది. పశువుల రక్తం ద్వారా, పిడుదుల ద్వారా వచ్చే క్రిమియన్-కాంగో జ్వరం 2011లో గుజరాత్‌లో తేలింది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2021లో పిడుదు లాలాజలంలోని 19 మాంసకృత్తులకు ఎంఆర్‌ఎన్‌ఏ టీకా చేసి గినీ పందులకు వేశారు. పిడుదు కుట్టిన చోట వెంటనే ఎర్రబడింది, పిడుదులు సరిగా తినకుండానే రాలాయి. మంచి ఆలోచనే, మనిషికి రావడానికి ఇంకా దూరం ఉంది. మన రెండు జిల్లాల గొర్రెల కాపరికి ఈ రోజు వేయించుకోదగ్గ పిడుదు టీకా లేదు.

స్క్రబ్ టైఫస్‌ను కూడా పిడుదుల లెక్కలో వేస్తున్నారు. అది పిడుదు కాదు, పొదల్లో ఉండే మైట్ అనే పురుగు కంటికి ఆనని పిల్ల కుడితే వస్తుంది. కుట్టిన చోట సిగరెట్టు కాల్చినట్టు నల్ల పక్కు ఉంటుంది. చంకలో, గజ్జల్లో, నడుము పట్టీ కింద వెతకాలి. కుక్క పిడుదుతో వచ్చే టైఫస్‌లో అరచేతుల్లో, అరికాళ్ళలో కూడా దద్దుర్లు లేస్తాయి. రెంటికీ డాక్సీసైక్లిన్ మందు ఉంది, ఆలస్యమైతేనే ప్రాణం మీదికి వస్తుంది. కుట్టిన రెండు వారాల్లోపల జ్వరం వస్తే డాక్టరుకు ‘జీవాల దగ్గర ఉంటాను, పురుగు కుట్టింది’ అని మీరే నోరు తెరిచి చెప్పాలి. ఆయన అడిగేదాకా ఆగొద్దు.

ఒంటికి పట్టిన పిడుదును బీడీతో కాల్చొద్దు, కిరసనాయిల్ పొయ్యొద్దు. అది కడుపులోది కక్కుతుంది. సన్న మొన చిమటాతో చర్మానికి ఆనించి, తల దగ్గర పట్టి, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగి, సబ్బుతో కడగండి. గోళ్ళ మధ్య నలపొద్దు. పశువు మీద నుంచి పీకిన పిడుదులను వేళ్ళతో చిదమడం మన కొట్టాల్లో బాగా అలవాటు, ఆ రక్తం చేతి గీతల్లోకి పోతుంది. లాగిన పిడుదును మూతపెట్టిన చిన్న సీసాలో వేసి తేదీ రాసి ఉంచండి. జ్వరం వస్తే దాన్నీ ఆసుపత్రికి తీసుకెళ్ళండి.